మగ్గం గుంత పూడ్చిన ఏడాది

ముందే చెబుతున్నాను, ఇది పెద్ద పురాణం. ఇందులో తండ్రీకొడుకుల మధ్య యుద్ధముంది. ఏడాది పాటు సాగిన కోట ముట్టడి ఉంది. రెండు పక్షాల మొక్కులూ పుచ్చుకున్న దేవుడున్నాడు. అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసి గొంతు ఎండిపోయిన రాయబారి ఉన్నాడు. త్యాగముంది, కన్నీళ్లున్నాయి. వినదలచినవారు కాళ్లు కడుక్కుని, చాప పరుచుకుని, కొబ్బరికాయ కొట్టి కూర్చోవచ్చు.

కూర్చున్నారా? ఇప్పుడు లేచిపోవద్దు మరి. ఇది మా ఇంటి ముందు అర్రలో, అంటే ముందు గదిలో, ఉండిన ఒక గుంత కథ. మోకాలి లోతుకు రవ్వంత ఎక్కువ. కోట అన్నది ఆ గుంతనే. రాయబారిని నేను. దేవుడు మాత్రం నిజంగానే దేవుడు, ఆయన్ని తగ్గించి చెప్పే ధైర్యం నాకు లేదు.

నాకిప్పుడు ఇరవై అయిదు. ఈ వయసులో జ్ఞాపకాలు రాయడమంటే మీసం రాకముందే మంగలి దగ్గర కూర్చోవడం. కానీ చెన్నూరులో గుమస్తా ఉద్యోగం, గోదావరి గాలి, సాయంత్రం అయిదు దాటితే చేతికి పని లేకపోవడం అనేవి మూడూ కలిస్తే మనిషికి పాత సంగతులు గుర్తుకు రాక తప్పదు. ముఖ్యంగా ఇక్కడ నిశ్శబ్దం ఎక్కువ. నేను పుట్టి పెరిగిన ఇంట్లో నిశ్శబ్దమన్న వస్తువు లేదు. తెల్లారకముందే మగ్గం టకా టక్ మని మొదలయ్యేది. ఆ చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది.

మాది కరీంనగరం జిల్లాలో మానేరు ఒడ్డున ఉన్న నేతగాళ్ల ఊరు. ఇంట్లో నలుగురం. బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ, ఆపైన అన్న, నేను. ముందు అర్రలో వెలుతురు పడే చోట మగ్గం, మగ్గం కింద గుంత. మగ్గాలు తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. గుంత మగ్గం మీద నేసేవాడు నేల మీదే కూర్చుంటాడు, కాళ్లు మాత్రం గుంతలోకి వేలాడేసి కింద ఉన్న పలకలను తొక్కుతాడు. బట్టలో నిలువు దారాలను పడుగు అంటారు. ఒక పడుగు నేయడం అయిపోవచ్చినప్పుడు దాన్ని మొత్తం కోసి తీసేయరు. చివర జానెడు దారాలు మగ్గం మీదే ఉంచి, కొత్త పడుగు తెచ్చి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక్కొక్కటే మెలిపెడతారు. దీన్ని అతకడం అంటారు. ఇది ఇద్దరి పని. ఒకరు వరుస తప్పకుండా పోగులు అందించాలి, ఇంకొకరు మెలిపెట్టాలి. మా ఇంట్లో అందించేది అవ్వ, మెలిపెట్టేది బాపు. ఆ అతుకు దాటగానే కొత్త బట్ట మొదలవుతుంది. అంటే లెక్క ప్రకారం మా బాపు పెండ్లయిన కొత్తలో మొదలుపెట్టిన బట్టనే ఇంకా నేస్తున్నాడన్నమాట. ఇంత నింపాదిగా పని చేసే మనిషిని నేను సర్కారు ఆఫీసులో కూడా చూడలేదు.

ఆ ఏడాది ఎండాకాలంలో నేను మెట్రిక్ తప్పాను. ఈ వార్త ఇంట్లో ఎలా చెప్పాలా అని రెండు మూడు రకాల ఏడుపులు సిద్ధం చేసుకున్నాను. సరిగ్గా ఆ రోజే, బొంబాయి పక్కన భీవండికి బట్టల మిల్లు పనికి పోయి ఏళ్లయిన మా అన్న తిరిగొచ్చి దిగాడు. వెంట ఒక ఎడ్లబండి, బండి నిండా గోనెసంచుల్లో కట్టిన ఇనుము. మరమగ్గం. మా దగ్గర దాన్ని సాంచె అంటారు. ఎవరో పాతబడిందని తీసేస్తే అన్న ముక్కలుగా విప్పించి తెచ్చాడు. ఇక నా మెట్రిక్ సంగతి ఎవరికి కావాలి? ఆ ఒక్క మేలు కోసం నేను ఈ కథ పొడవునా అన్న మీద పెద్దగా కోపం తెచ్చుకోలేకపోయాను.

అన్న కాళ్లు కూడా కడుక్కోకుండా మొదలుపెట్టాడు.

"బాపు, భీవండిల ఒక్క మనిషి నాలుగు సాంచెలు నడుపుతుండు. నువ్వు పొద్దుందాక కాళ్లు కొట్టుకున్నా ఒక్క ధోతి దిగది."

"దిగకపోతె ఏమైతది?" అన్నాడు బాపు, అడ్డపోగు తిప్పుతున్న నాడె ఆపకుండానే. "నువ్వు పెరిగింది గా ఒక్క ధోతి మీదనే గదా."

"గట్ల కాదు. గుంత పూడ్సి, నేల సదును జేసి, ఈడనే సాంచె పెడదాం. ఊర్లె కరెంటొచ్చి ఏడాదయింది. ఇంక ఎన్నొద్దులు గుంతల కాళ్లు పెట్టుకుంటవ్?"

"ఇంకో దిక్కు పెట్టుకో."

"ఇంకో దిక్కేడుంది? పొయ్యి మీద పెట్టాల్నా?"

ఈ మాట మాత్రం నిజం. మా ఇల్లంతా కలిపి ఆ అర్ర, ఒక వంటిల్లు. గుంత పక్కన పెడదామంటే సాంచె కుదుపుకు గుంత అంచులు విరిగి పడతాయి. ఒకే అర్రలో ఒక గుంతా ఒక సాంచే ఇమడవు. ఒకటి ఉంటే ఒకటి ఉండదు.

బాపు అప్పుడు నాడె ఆపాడు. ఆయన నాడె ఆపి మాట్లాడాడంటే అది తీర్పు కింద లెక్క. "పడుగున్న మగ్గం ఇప్పొద్దు. పాలు తాగుతున్న పిల్లను గుంజుకున్నట్టయితది."

"సరే," అన్నాడు అన్న. "గీ పడుగు ఒడ్సినంకనే ఇప్పుదాం."

బాపు ఏమీ అనలేదు. భీవండిలో అన్నేళ్లుండి వచ్చిన మనిషికి బాపు ఊరుకోవడమంటే ఒప్పుకోవడం కాదన్న సంగతి గుర్తులేకపోయింది.

సాంచెను సంచులతోనే వాకిట్లో గోడకు ఆనించాము. వానలు మొదలయ్యేనాటికి పడుగు అయిపోవచ్చింది. అన్న అప్పటికే పార తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. ఒకనాడు పొద్దున లేచి చూస్తే బాపు, అవ్వ మగ్గానికి అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో చిన్న చిప్పలో బూడిద. అవ్వ పోగు అందిస్తోంది, బాపు మెలిపెడుతున్నాడు. కొత్త పడుగు.

అన్న పార వైపు చూశాడు, చిప్ప వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు.

"అవ్వా, నువ్వు సుత?"

"నాకేం తెలుసురా," అంది అవ్వ తల ఎత్తకుండా. "కూసో అన్నడు, కూసున్న."

ఆ రోజు నుంచి తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. పక్కపక్కనే కూర్చుని ఒకే గిన్నెలో జొన్న గట్క తింటారు, మాట మాత్రం నా ద్వారా పోవాలి. అన్న మొదలుపెట్టేవాడు.

"చిన్నోడా, బాపుకు చెప్పు. అబద్ధమాడుడు మంచిది కాదని."

"మీ అన్నకు చెప్పు. నేనేమన్న మాటిచ్చిన్నా అని."

"ఇద్దరికీ ఇనబడ్డది గదా," అనేవాణ్ని. "ఇగ నడుమ నేనెందుకు?"

"చెప్పుమన్నంక చెప్పాలె!" అనేవారు ఇద్దరూ ఒక్కసారే. ఆ ఏడాది మొత్తంలో వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మాట అదొక్కటే.

అవ్వ మాత్రం ఎటూ కాదు. బాపుకు పోగులు అందిస్తుంది, అన్నకు పొద్దున్నే రొట్టె కట్టిస్తుంది. అన్న పోయేది ఎక్కడికనుకున్నారు? ఊళ్లో ఇంకొకరి షెడ్డులో సాంచెలు నడపడానికి. సొంత సాంచె వాకిట్లో పెట్టుకుని పరాయి సాంచె మీద కూలి చేసిన వీరుడు మా ఊళ్లో ఆయనొక్కడే. ఇక ఆ సాంచె సంగతి. దాని మీద అవ్వ మిరపకాయలు ఎండబోసింది. పక్కింటి కోడి ఒకటి సంచి చిరుగులోంచి దూరి లోపల గుడ్లు పెట్టి పొదిగింది. మా సాంచె నుంచి వచ్చిన మొదటి సరుకు కోడిపిల్లలు.

శ్రావణంలో వేములవాడ పోయాం. రాజన్నకు కోడెను కట్టే మొక్కు మా వైపు ఎవరికైనా తెలిసిందే. కోడె పలుపు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తే మొక్కు తీరినట్టు. బాపు మగ్గం నిలబడాలని మొక్కుకున్నాడు. అన్న గుంత పూడాలని మొక్కుకున్నాడు. ఎవరి మొక్కు వాళ్లు రహస్యంగా నాకు చెప్పారు, ఎందుకంటే ఆ రోజుల్లో వాళ్లకు రహస్యాలు చెప్పుకోవడానికి కూడా నేనే గతి. ఒకే బస్సు. బాపు ముందు, అన్న వెనుక, నేను నడుమ నిలబడి.

గుడి దగ్గర పోటెత్తిన జనం. బాపు కోడెను తిప్పి కట్టి వచ్చాడు. అక్కడి మనిషి ఆ కోడెనే విప్పి తెచ్చి అన్న చేతికి పలుపు ఇచ్చాడు. అన్న కళ్లు మూసుకుని భక్తిగా తిప్పాడు. కోడెకు మాత్రం అంతా తెలుసు. రెండోసారి మలుపు దగ్గర అది ఆగి నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరచిపోలేదు. సాటి రాయబారి చూపు అది.

"బాపుకు చెప్పు, నాది మంచిగ జరిగిందని," అన్నాడు అన్న.

"గదే కోడె అని చెప్పాల్నా?" అన్నాను.

"ఏం కోడె?"

"ఏం లేదు తియ్యి."

దసరా వచ్చింది. పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టే పండుగ. బాపు మగ్గం కడిగి బొట్లు పెట్టి, నాడెను పళ్లెంలో పెట్టి దండం పెట్టుకున్నాడు. అవ్వ మిగిలిన కుంకుమ పట్టుకుని వాకిట్లోకి పోయి, గోనెసంచి మీద ఒక బొట్టు పెట్టింది.

"గిదేందే?" అన్నాడు బాపు గుమ్మంలోంచి.

"ఇంటికొచ్చింది గదా," అంది అవ్వ. "సుట్టమొస్తె బొట్టు పెట్టమా?"

"గది సుట్టమా?"

"ఏమో మరి. ఆరు నెల్లసంది ఈడనే ఉన్నది, పోతలేదు. సుట్టమే అనుకుంట."

బాపుకు నవ్వు వచ్చింది. నవ్వు వచ్చినట్టు అన్నకు తెలియకూడదని లోపలికి వెళ్లి దగ్గాడు. అలా ఇంట్లో శాంతి నెలకొనే ప్రమాదం ఒకటి వచ్చి తప్పిపోయింది.

పండుగయ్యాక నన్ను ఆదిలాబాద్ పంపించారు. అక్కడ మా మేనమామ పత్తి మిల్లులో పని చేసేవాడు. మెట్రిక్ తప్పినవాడు ఖాళీగా ఉండటం మంచిది కాదని అవ్వ అభిప్రాయం. రాయబారికి కూడా సెలవు కావాలని నా అభిప్రాయం. మామ "కాయ్ రే భాచా!", అంటే ఏరా మేనల్లుడా, అని మరాఠీలో పిలిచి భుజం మీద ఒకటి వేసి, నన్ను పత్తి బండ్ల దగ్గర నిలబెట్టాడు. చలికాలమంతా పత్తి. ముక్కులో పత్తి, చెవుల్లో పత్తి, అన్నంలో పత్తి. జీవితంలో పైకి రావాలంటే కష్టపడాలని మామ చెప్పేవాడు. పైకి వచ్చేది పత్తి దూదేనని నేను గమనించాను, అది కూడా ఏమాత్రం కష్టపడకుండా. అక్కడ ఉన్నన్ని రోజులూ నాకు తెల్లవారుజామున మెలకువ వచ్చేది, చప్పుడు లేక. ఇంటి మీద బెంగ అని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, దోమలని చెప్పేవాణ్ని.

పరీక్ష ఫీజు కట్టే వేళకు మళ్లీ ఇల్లు చేరాను. మగ్గం నడుస్తూనే ఉంది. అన్న అలిగే ఉన్నాడు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కటే మారింది. అవ్వ బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చాట కాస్త దూరంగా పట్టుకుంటోంది. సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలిచి, "గీ నడుమ సూదుల బెజ్జాలు చిన్నగ జేస్తుండ్రు," అనేది.

"కండ్లు మసకలా అవ్వా?"

"ఎవనికి? నాకా?" అవ్వ లేచి నిలబడింది. "గా కొట్టం మీద వాలిన కాకి ఏ కన్నుతోటి చూస్తుందో చెప్పాల్నా? సూదులే మంచియి వస్తలేవు."

సరే, సూదులే మంచివి రావడం లేదనుకున్నాను. మా ఇంట్లో అవ్వతో వాదించి గెలిచినవారు లేరు. ఓడి బతికినవాడు బాపు ఒక్కడే.

ఆ వారంలోనే ఇంకో పడుగు అతికారు. మరునాడు మధ్యాహ్నం అవ్వ బట్టలుతకడానికి మానేరు పోయింది. నేను పుస్తకం ముఖం మీద వేసుకుని చదువుతున్నాను. మగ్గం చప్పుడు లేదేమని చూస్తే, బాపు నిన్న అతికిన పోగులను ఒకవైపు నుంచి విప్పుతున్నాడు. విప్పి, మళ్లీ వరుస చూసుకుని కలుపుతున్నాడు. ఒకసారి మెలి విప్పితే దారం కొస పొట్టిదవుతుంది, మళ్లీ మెలి నిలవదు. అందుకని చిన్న చిన్న ముడులు వేస్తున్నాడు. ముడులంటే బాపుకు అసహ్యం. ముడి వేసి అతికేవాణ్ని నేతగాడని కూడా అనేవాడు కాదు.

"నిన్ననే అతికిండ్రు గదా బాపు?"

"అతికినం."

"మరి ఎందుకిప్పుతున్నవ్?"

"కొన్ని పోగులు తప్పినయ్."

"ఎవలు తప్పిచ్చిండ్రు?"

బాపు ఇంకో ముడి వేసి బిగించాడు. "పోగులే తప్పినయ్," అన్నాడు.

నేను లేచి వెళ్లి చూశాను. వరుసలు వరుసలుగా అడ్డం దిడ్డం పడ్డాయి. అట్లాగే నేస్తే పోగులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పుటుక్కు పుటుక్కున తెగుతాయి. ఇది ఇప్పటి సంగతి కాదని బాపు చేతుల అలవాటు చూస్తేనే తెలిసింది. నేను ఆదిలాబాద్‌లో పత్తి మింగుతున్న రోజుల నుంచీ ఆయన అవ్వ మానేరుకు ఎప్పుడు పోతుందా అని కాచుకుని కూర్చుంటున్నాడు.

"మీ అవ్వకు చెప్పినవనుకో," అన్నాడు, "నిన్ను గీ గుంతల్నే పెట్టి పూడుస్త."

ఏడాదంతా నాకు చెప్పినవన్నీ మోశాను. మోయవద్దన్నది ఇదొక్కటే. అదే అన్నిటికంటే బరువుగా ఉందని రాస్తే బాగుంటుంది కానీ, నిజానికి నాకు పరీక్ష భయం అంతకంటే ఎక్కువగా ఉండింది.

అయినా ఒక ప్రయత్నం చేశాను. "నేనందిస్త బాపు. ఇద్దరం జేద్దాం," అని ఎదురుగా కూర్చున్నాను. బాపు సరేనన్నాడు. నేను పోగు అందిస్తాను, ఆయన ముడి వేస్తాడు. కాసేపటికి ఆయన చేతులు ఆగాయి. నేను అందించిన పోగులను వెలుతురుకు పట్టి చూశాడు.

"నీకు మెట్రిక్ ఎందుకు తప్పిందో ఇప్పుడు సమజైంది," అన్నాడు. "పో, పోయి చదువుకో."

ఊళ్లో పోగులు అందించగలవాళ్లు లేక కాదు. ఎవరినైనా పిలిస్తే వచ్చి కూర్చునేవారు. కానీ అవ్వ కూర్చునే చోట ఇంకొకరు కూర్చుంటే, ఎందుకు కూర్చున్నారో అవ్వకు చెప్పాలి. చెప్పడం బాపుకు చేతకాదు. మగ్గం నిలవాలి, అవ్వకు తెలియకూడదు. ఈ రెండూ కలిసి సాగవని ఆయనకు మా అందరికంటే ముందే అర్థమయి ఉంటుంది.

నేను పరీక్ష రాశాను. ఈసారి పాసయ్యాను. ఆ సంతోషం పంచుకుందామని పరుగున ఇంటికి వచ్చేసరికి అందరూ గట్క తింటున్నారు. నోరు తెరిచేలోపే బాపు అన్నాడు.

"చిన్నోడా, మీ అన్నకు చెప్పు. గీ పడుగు ఒడ్సినంక అతుకుతలేనని."

అన్న నోటి దగ్గరి ముద్ద అక్కడే ఆగిపోయింది. "ఎందుకట?" అన్నాడు నాతో.

"మోకాళ్లు," అన్నాడు బాపు నాతో. "మోకాళ్లు నొస్తున్నయని చెప్పు. గుంతల కూసునుడు ఐతలేదని."

"మోకాళ్లు నొస్తున్నయా!" అవ్వ గిన్నె కింద పెట్టింది. "ఎప్పటిసంది? నాకెందుకు చెప్పకపోతివి?"

"గిప్పుడు చెప్పిన గదా."

నా మెట్రిక్ రెండోసారి కూడా ఎవరికీ వినబడలేదు. తప్పినప్పుడు సాంచె, పాసయినప్పుడు మోకాళ్లు. చదువు వల్ల మనిషికి గుర్తింపు వస్తుందని చెప్పినవారు మా ఇంట్లో ఉండి చూడాల్సింది.

ఆ రోజు నుంచి అవ్వ పొద్దుగూకగానే ఇసుక వేడిచేసి మూటకట్టి, ఆముదం రాసి, ఏ నొప్పీ లేని ఆ మోకాళ్లకు కాపడం పెట్టడం మొదలుపెట్టింది. బాపు కిక్కురుమనకుండా చేయించుకునేవాడు. మూట మరీ వేడిగా ఉన్నప్పుడు మాత్రం నా వైపు చూసేవాడు. నేను ఇంటి వాసాలు లెక్కపెట్టేవాణ్ని.

చివరి పడుగు మెల్లమెల్లగా నేశాడు. అంతకంటే మెల్లగా నేస్తే బట్ట వెనక్కి పోయేది. అయిపోయిన నాడు ఊళ్లో ముసలివాళ్లు కొందరు చూడటానికి వచ్చి, ఏదో జరుగుతుందని గుమ్మం దగ్గర నిలబడ్డారు. బాపు కత్తెరతో చివరి పోగులు కోశాడు. జానెడు కూడా ఉంచలేదు. ఆఖరున నేసిన తువ్వాలు మడిచి అవ్వ చేతికిచ్చి, గుంతలోంచి కాళ్లు తీసి, లేచి బయటికి వెళ్లి మూత్రం పోసుకుని వచ్చాడు. ముసలివాళ్లు ఇంకాసేపు చూసి, ఇంతేనా అన్నట్టు వెళ్లిపోయారు.

మగ్గం విప్పి అటక మీద పెట్టాము. ఖాళీ గుంత బయటపడింది. అడుగున కాళ్ల మడమలు ఆనే చోట రెండు గుంటలు, నున్నగా, గిన్నెల్లాగా. అన్న పార పట్టుకుని అంచున నిలబడ్డాడు. ఏడాది పాటు ఈ గడియ కోసం కాచుకున్న మనిషి. పార ఎత్తడు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఏందన్నా?"

"దుమ్ము వడ్డది."

ఇంకా ఒక్క పార మన్ను కూడా ఎత్తలేదు, దుమ్ము ఎక్కడిది?

బాపు వచ్చాడు. అన్న ముందు నిలబడ్డాడు. ఏడాది తర్వాత తండ్రి కొడుకుతో నేరుగా మాట్లాడబోతున్నాడు. నేను రాయబారి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"పెద్దోడా, జరుగు," అన్నాడు బాపు. "వెల్తురుకు అడ్డమున్నవ్."

అన్న జరిగాడు. బాపు పార తీసుకుని మొదటి మన్ను వేశాడు. తర్వాత అన్న వేశాడు. తర్వాత ఇద్దరూ అలసిపోయి కూర్చుని, మిగిలినదంతా నాతో వేయించారు.

సాంచె నిలబడింది. చప్పుడు మగ్గానికి పదింతలు. బాపు గుమ్మంలో కూర్చుని సాంచెకు దారం కండెలు చుట్టేవాడు, పక్కన అవ్వ. మొదట్లో కొన్నాళ్లు ఆయన కూర్చున్న చోటే కాళ్లు కదులుతుండేవి, కింద ఏదో తొక్కుతున్నట్టు. ఇప్పుడు కదలవు. అదొక్కటే నాకు చెన్నూరులో సాయంత్రాలు గుర్తుకు వచ్చేది. మిగతా కథ ఎవరైనా అడిగితే నవ్వుతూ చెబుతాను.

ఉద్యోగం వచ్చాక అవ్వను బతిమాలి, బెదిరించి, కరీంనగరం తీసుకుపోయి కళ్లద్దాలు పెట్టించాను. అవునండీ, ఒక జత అద్దాలు. ఆ ఏడాదిలో మా ముగ్గురు మగవాళ్లలో ఒక్కరికైనా తట్టవలసిన వస్తువు. బాపు త్యాగం, అన్న గెలుపు, నా మౌనవ్రతం అన్నీ ఆ రెండు గాజుముక్కలతో తీరిపోయేవి. ఇంటికి వచ్చి అద్దాలు పెట్టుకుని అవ్వ మొదట అన్న మాట, "గీ ఇంట్ల ఇంత దుమ్మున్నదా?"

దుమ్ము దులుపుతూ పెట్టె తెరిచి, బట్టలు ఒక్కొక్కటే చూస్తోంది. అడుగున బాపు ఆ ఏడాది నేసిన తువ్వాలు ఒకటి, అతుకు తర్వాత మొదట కోసినది. దాని కుచ్చులో బాపు దొంగచాటుగా వేసిన ఆ ముడులు అట్లాగే ఉన్నాయి. అవ్వ దాన్ని అద్దాల దగ్గరికి తెచ్చుకుని, వేళ్లతో ఒక్కొక్క పోగే జరుపుతూ చాలాసేపు చూసింది. తర్వాత గుమ్మం వైపు తిరిగింది.

"మోకాళ్లెట్లున్నయ్?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నయ్," అన్నాడు బాపు.

"ఎప్పటిసంది?"

బాపు కండె చుట్టడం ఆపలేదు. అవ్వ తువ్వాలు మడిచి పెట్టెలో పెట్టేసింది. ఆ రోజు ఇసుక వేడి చేయలేదు. ఆముదం సీసా మళ్లీ తీయలేదు. ఆ సంగతి వాళ్లిద్దరి మధ్య ఎప్పుడైనా వచ్చిందో లేదో నాకు తెలియదు. వాళ్లకు రాయబారి అవసరం ఎప్పుడూ లేదు.

ఆ ఏడాది నుంచి ఏం నేర్చుకున్నావని ఆఫీసులో ఒక మిత్రుడు అడిగాడు. ఆలోచించాను. ప్రేమ గురించి, పంతం గురించి చెప్పబోయి, అవేవీ నాకు సరిగ్గా తెలియవని గుర్తొచ్చి ఊరుకున్నాను. ఖాయంగా తెలిసినది ఒకటే ఉంది. మేం గుంతను నేల మట్టానికే పూడ్చి సాంచె నిలబెట్టాము. మృగశిర వానలకు మన్ను కుంగి, సాంచె ఒక కాలు కిందికి దిగి, బెల్టు తెగిపోయింది. దాన్ని మళ్లీ విప్పి, మళ్లీ మన్ను పోసి, మళ్లీ నిలబెట్టాము. కాబట్టి గుంత పూడ్చేవారు కొంచెం కొంచెంగా మన్ను పోస్తూ, నీళ్లు చల్లి దిమ్మిసతో కొడుతూ, పైన జానెడు ఎత్తు ఎక్కువగా పోసుకోవాలి.